డీజిల్ మోటార్‌హోమ్ స్థానంలో ఎలక్ట్రిక్ నిజంగా రాగలదా? రోడ్డు మీద తిరిగేవాళ్లు చెప్పండి

కొలరాడో_రమణ (డెన్వర్)

అందరికీ నమస్కారం. వచ్చే వేసవికి అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. నాన్నకి షుగరు, వేళకి తినాలి. అమ్మ బయటి తిండి ముట్టదు. దారి పొడుగునా హోటళ్లు, బాత్రూములు వెతుక్కునే పని లేకుండా యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులు తిప్పాలని మోటార్‌హోమ్ (వంటిల్లు, పడక, బాత్రూము లోపలే ఉండే బండి) కొనే ఆలోచనలో ఉన్నాం. వాళ్లు వెళ్లాక పిల్లలతో మేమూ వాడుకుంటాం.

ఇంట్లో రెండు కార్లూ ఎలక్ట్రిక్కే, ఇంటి మీద సోలార్ ఉంది. మళ్లీ డీజిల్ బండి తెచ్చి వాకిట్లో పెట్టడానికి మనసు రావడం లేదు. డీలర్ల దగ్గరికి వెళ్తే ఎలక్ట్రిక్ మోటార్‌హోమ్ అన్నమాటే ఎవరూ ఎత్తడం లేదు. కార్లు మారిపోయాయి, సిటీ బస్సులు మారుతున్నాయి, ఇవెందుకు మారలేదు? ఇంకో రెండేళ్లు ఆగితే దొరుకుతాయా, లేక ఇది జరిగే పని కాదా?

గోదారి_గట్టు (మిషిగన్)

రమణ గారూ, వాణిజ్య వాహనాల చాసిస్ (బండి అడుగు చట్రం) పనిలో ఉన్నాను కాబట్టి లెక్క చెప్తాను. అందరికీ తెలిసిన కరెంటు యూనిట్లలోనే చెప్తాను, కిలోవాట్ అవర్ అన్నా యూనిట్ అన్నా ఒకటే.

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్ మీద కట్టిన క్యాంపర్ (చిన్న మోటార్‌హోమ్) ట్యాంకు సుమారు 90 లీటర్లు, అంటే 900 యూనిట్లు. ఇంజను అందులో మూడో వంతు మాత్రమే చక్రాలకిచ్చి మిగతాది వేడిగా వదిలేస్తుంది. అలా వృథా చేశాక కూడా 300 యూనిట్లు మిగిలాయి. అంత బ్యాటరీ పెట్టాలంటే దాని బరువే రెండు టన్నుల దాకా వస్తుంది, ఎందుకంటే ఇప్పటి ప్యాకులు యూనిట్‌కి ఆరేడు కిలోలు తూగుతాయి.

అమెరికా మోటార్‌హోమ్ కంపెనీ విన్నెబాగో 2023 జనవరిలో ఈఆర్‌వీ2 అనే ప్రోటోటైప్ చూపించింది. ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్ చాసిస్, 68 యూనిట్ల బ్యాటరీ. రేంజి, అంటే ఒక్క చార్జ్‌కి వెళ్లే దూరం, 108 మైళ్లు. డెన్వర్ నుంచి యెల్లోస్టోన్ 500 మైళ్ల పైమాటే. దారిలో వ్యోమింగ్ రాష్ట్రంలో ఎదురుగాలి తగిలితే ఆ 108 కూడా రావు.

మోటార్‌హోమ్ ముఖం గోడలా ఉంటుంది, అసలు చిక్కు అక్కడే. గాలిని తోసుకుపోవడానికయ్యే ఖర్చు వేగం వర్గంతో పెరుగుతుంది. 55 మైళ్ల బదులు 65లో వెళ్తే మైలుకి గాలి లాగేసుకునే శక్తి 40 శాతం ఎక్కువ. కారు నున్నగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది, ఇది తట్టుకోలేదు. డీజిల్ బండికీ ఇదే బాధ ఉంది. కాకపోతే ట్యాంకు పెద్దది, నింపడానికి ఐదు నిమిషాలు, అందుకని మనకి కనపడదు.

లీడ్స్_వెంకట్ (ఇంగ్లండ్)

గట్టు గారి లెక్క సరైనదే. కానీ డీజిల్ ట్యాంకుతో సమానంగా ఉండాలని ఎందుకు మొదలుపెట్టారో నాకు అర్థం కాలేదు. రోజుకి 500 మైళ్లు తోలేవాళ్లు ఎంతమంది?

నేను ఫోక్స్‌వ్యాగన్ ఎలక్ట్రిక్ వ్యాన్ ఐడీ బజ్‌ని క్యాంపర్‌గా మార్పించుకుని వాడుతున్నాను. పైకప్పు లేపితే పడక, వెనక చిన్న వంటగట్టు. 77 యూనిట్ల బ్యాటరీ. మోటార్‌వే మీద వేసవిలో 190 మైళ్ల దాకా వస్తుంది, చలికాలంలో బాగా తగ్గుతుంది. లీడ్స్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్ 85 మైళ్లు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి, క్యాంప్‌సైట్‌లో ప్లగ్ పెట్టి, ఆదివారం నిండిన బ్యాటరీతో ఇంటికి. స్కాట్లండ్ వెళ్లినప్పుడు మధ్యలో ఆగాలి, పిల్లలు ఉన్నప్పుడు ఎలాగూ ఆగుతాం.

రాత్రంతా హీటర్, ఏసీ ఏది వేసుకున్నా ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. నా మట్టుకు నాకు డీజిల్ స్థానంలో ఇది వచ్చేసింది. అయితే ఇందులో స్నానాల గది లేదు, పడుకునేది ఇద్దరు, ఇరుక్కుంటే ముగ్గురు. రమణ గారి అమ్మానాన్నలకి ఇది కుదరదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

స్టుట్‌గార్ట్_సుజాత (జర్మనీ)

మా దగ్గరున్నది ఫియట్ డుకాటో వ్యాన్ మీద కట్టిన డీజిల్ బండి. యూరప్‌లో మోటార్‌హోమ్‌లలో ఎక్కువ భాగం డుకాటో చాసిస్ మీదివే, అందుకని ఎలక్ట్రిక్ డుకాటో వచ్చినప్పుడు ఇక్కడ చాలామంది ఆశపడ్డారు. 2024 మోడల్‌లో 110 యూనిట్ల బ్యాటరీ ఇచ్చారు, కంపెనీ చెప్పే రేంజి 400 కిలోమీటర్లు దాటుతుంది. అది ఖాళీ డెలివరీ వ్యాన్ లెక్క. దాని మీద మంచాలు, వంటిల్లు, టాయిలెట్, నీళ్ల ట్యాంకు కట్టి, ముందు పెద్ద క్యాబిన్ పెంచి ఆటోబాన్ ఎక్కితే ఎంత మిగులుతుందో ఊహించుకోండి.

రేంజి గురించే అందరూ మాట్లాడతారు. నాకు దాని కన్నా బరువు పెద్ద అడ్డంకిగా కనిపిస్తుంది. ఇక్కడ బి లైసెన్స్‌తో, అంటే మామూలు కారు లైసెన్స్‌తో, 3.5 టన్నుల దాకానే నడపాలి. 1999కి ముందు లైసెన్స్ తీసుకున్న జర్మన్ పెద్దవాళ్లకి 7.5 టన్నుల దాకా హక్కుంది, పెద్ద పెద్ద మోటార్‌హోమ్‌లు వాళ్ల చేతుల్లోనే కనిపిస్తాయి. మనలాగా ఉద్యోగానికి వచ్చి ఇక్కడ బి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకి అది లేదు. సీ1 అనే పెద్ద బండ్ల లైసెన్స్ కావాలి, దానికి క్లాసులు, వైద్య పరీక్ష, బోలెడంత ఖర్చు.

మా బండి అన్నీ సర్దుకుని బయల్దేరాక 3.5 టన్నులకి కాస్త లోపల ఉంటుంది. నలుగురం మనుషులం, వంద లీటర్ల నీళ్లు, సైకిళ్లు, బియ్యం, పప్పులు, పచ్చళ్లు. ఇంజను, గేర్‌బాక్సు, ట్యాంకు తీసేసి 110 యూనిట్ల బ్యాటరీ పెడితే ఆ ప్యాకే 700 కిలోల దరిదాపుల్లో తూగుతుంది. తీసేసినవాటి బరువు పోను ఇంకో 300, 400 కిలోలు పైన పడతాయి. అప్పుడు మనుషుల్లో ఎవర్ని దింపాలి?

సరుకు రవాణా వ్యాన్లకి, అవి ఎలక్ట్రిక్ అయితే, బి లైసెన్స్‌తోనే 4.25 టన్నుల దాకా ఇక్కడ ముందే వెసులుబాటు ఇచ్చారు. మోటార్‌హోమ్‌లకి ఇవ్వలేదు. 2025 చివర్లో ఖరారైన కొత్త యూరోపియన్ లైసెన్స్ డైరెక్టివ్‌లో మోటార్‌హోమ్‌లనీ చేర్చారు, అదనంగా శిక్షణో పరీక్షో ఉంటుంది. ఒక్కో దేశం దాన్ని తన చట్టంలోకి తెచ్చుకునేసరికి కొన్నేళ్లు పడుతుంది. అప్పటిదాకా కుటుంబానికి సరిపడా ఎలక్ట్రిక్ మోటార్‌హోమ్ కట్టేవాడికి చేతులు కట్టేసినట్టే.

లీడ్స్_వెంకట్

> సరుకు రవాణా వ్యాన్లకి... మోటార్‌హోమ్‌లకి ఇవ్వలేదు

సుజాత గారూ, బ్రిటన్‌లో 2025 జూన్ నుంచి ఈ తేడా తీసేశారు. జీరో ఎమిషన్ (పొగ వదలని) బండి ఏదైనా సరే మామూలు కారు లైసెన్స్‌తో 4.25 టన్నుల దాకా నడపొచ్చు, క్యాంపర్లతో సహా. ఇప్పుడిక బండ్లు కట్టేవాళ్లే కదలాలి.

పాలమూరు_పిల్ల (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఇంతసేపూ బ్యాటరీ బరువు, రేంజి చదివాను. డీజిల్ వల్ల జరిగే నష్టం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2012లోనే తేల్చింది. క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క బండివాళ్లు జనరేటర్ వేస్తే ఆ పొగ మన పిల్లల ముక్కుల్లోకే పోతుంది. దేవదారు చెట్ల గాలి పీల్చుకుందామని అంత దూరం వెళ్లి పీల్చేది అదా?

పైగా ఈ రోజు అమ్ముడైన డీజిల్ మోటార్‌హోమ్ ఇరవై ఏళ్లు రోడ్డు మీద ఉంటుంది. అందుకే కాలిఫోర్నియా 2020లో ట్రక్కుల నిబంధన తెచ్చింది. 8,500 పౌండ్లు దాటిన బండ్లు తయారుచేసేవాళ్లు ఏటా ఇంత శాతం జీరో ఎమిషన్‌వి అమ్మాలని. న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, ఒరెగాన్, వాషింగ్టన్ కూడా అదే బాట పట్టాయి. మోటార్‌హోమ్ చాసిస్‌లు దాని కిందకి రావడంతో పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 2025 జూన్‌లో కాంగ్రెస్ తీర్మానంతో కాలిఫోర్నియాకిచ్చిన అనుమతినే రద్దు చేశారు. ఒత్తిడి పోయింది, తయారీదార్లు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఇది చాలా బాధ కలిగించింది. "టెక్నాలజీ రాలేదు" అని ఇప్పుడు చెప్తున్నవాళ్లు దాన్ని రానివ్వని సంగతి కూడా చెప్పాలి.

గోదారి_గట్టు

పాలమూరు అమ్మాయ్, జనరేటర్ పొగ విషయంలో నీతో వంద శాతం ఏకీభవిస్తాను. కానీ నిబంధన ఒక్కదానితో ఈ బండి పుట్టదు. ఏడాదికి ఎంత తిరుగుతాం అన్నది చూడాలి.

పది వేల కిలోమీటర్లు తిరిగే డీజిల్ మోటార్‌హోమ్, వందకి 11 లీటర్ల చొప్పున 1,100 లీటర్లు తాగుతుంది. లీటరుకి 2.6 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్, అంటే సుమారు 2.9 టన్నులు. అదే దూరానికి ఎలక్ట్రిక్‌కి 4,000 యూనిట్లు కావాలి. ఇక్కడి గ్రిడ్ కరెంటుతో దాదాపు టన్నున్నర. ఏటా మిగిలేది 1.4 టన్నులు. 110 యూనిట్ల బ్యాటరీ తయారీలోనే యూనిట్‌కి 60 నుంచి 100 కిలోల లెక్కన 7 నుంచి 11 టన్నులు వెలువడతాయి. ఆ అప్పు తీరడానికి ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. చాలామంది సొంత మోటార్‌హోమ్‌లు ఏడాదిలో పది నెలలు కదలకుండా ఉంటాయి. నాలుగు వేల కిలోమీటర్లే తిరిగే బండికి పన్నెండేళ్లకీ తీరదు.

అందుకని నా ఉద్దేశంలో మొదట ఎలక్ట్రిక్ కావలసినవి అద్దె బండ్లు. ఏటా 30 వేల కిలోమీటర్లు తిరుగుతాయి, అప్పు రెండు మూడేళ్లలో తీరిపోతుంది.

పాలమూరు_పిల్ల

అన్నా, గ్రిడ్ ఈ రోజు ఉన్నట్టే పదేళ్లూ ఉంటుందని లెక్క వేశారు. రమణ గారికి ఇంటి మీద సోలార్ ఉంది, ఆయన లెక్క వేరు. పైగా పది నెలలు ఊరికే ఉండే 110 యూనిట్ల బ్యాటరీ అంటున్నారు, ఊరికే ఎందుకుండాలి? అది ఇంటికి కరెంటు తిరిగి ఇవ్వగలిగితే తుపానుకో కార్చిచ్చుకో లైను పోయినప్పుడు నాలుగైదు రోజులు ఇల్లు నడుస్తుంది. మా వైపు వేసవిలో కార్చిచ్చు భయంతో కంపెనీయే లైన్లు ఆపేస్తుంది. అలాంటప్పుడు వాకిట్లో డీజిల్ బండి ఉంటే ఏం లాభం?

అద్దె బండ్ల మాట మాత్రం ఒప్పుకోను. అద్దెకి తీసుకునేవాళ్లే వారం రోజుల్లో ఐదు నేషనల్ పార్కులు చుట్టాలని పరుగెత్తుతారు. కొత్తవాళ్లు, చార్జింగ్ అలవాటు లేనివాళ్లు. వాళ్ల చేతికి ముందు ఇస్తే చెడ్డపేరు వస్తుంది.

ఓరుగల్లు_అన్న (హైదరాబాద్)

మీరందరు అమెరికా, జర్మనీ ముచ్చట్లు చెప్తున్నరు, నేను హైదరాబాద్ సంగతి చెప్త. మా పని సినిమా షూటింగులకు క్యారవాన్లు పంపుడు. మోటార్‌హోమ్ అంటే మనోళ్లకు తెల్సింది గదే కద.

మా బండి రోజుకు ఎంత తిరుగుతదో చూడుండ్రి. ఫిల్మ్‌నగర్ నుంచి రామోజీ ఫిల్మ్ సిటీకి పోవుడు 40 కిలోమీటర్లు, వచ్చుడు 40. మిగిలిన పన్నెండు గంటలు ఒక్క జాగల నిలబడి ఏసీలు నడుపుడే. మూడు రూములు, మూడు ఏసీలు. ఆగుకుంట నడుస్తయ్ కాబట్టి సగటున 3 కిలోవాట్లు అనుకుందాం, దినానికి 36 యూనిట్లు. చిన్న డీజిల్ జనరేటర్ లీటరుకు మూడు యూనిట్లు ఇస్తె గొప్ప. అంటే 12 లీటర్లు ఉత్తగ నిలబడ్డందుకే పోతయ్. లీటరు 95 రూపాయల పైన, 1,100 దాటుతది. గదే కరెంటు యూనిట్‌కు 15 రూపాయలు పెట్టి పబ్లిక్ చార్జర్ల పోసుకున్నా 540.

ఇంకొకటి. సింక్ సౌండ్ షూటింగ్ అయితే, అంటే మాటలు సెట్టులనే రికార్డ్ చేస్తె, జనరేటర్ చప్పుడు పడొద్దని బండిని దూరంగ పెట్టిస్తరు. మేకప్ వేసుకున్న ఆర్టిస్టు మండుటెండల అంత దూరం నడవాలె. బ్యాటరీ బండి అయితే సెట్టు పక్కనే నిలబడొచ్చు.

ఇది ఇయ్యాల జరిగే పని. మనకాడ ఎలక్ట్రిక్ బస్సు చాసిస్‌లు తయారైతనే ఉన్నయ్. 2023 మేల ఆర్టీసీ హైదరాబాద్–విజయవాడ ఈ-గరుడ బస్సులు మొదలుపెట్టింది, ఒక్కసారి చార్జ్ చేస్తె 325 కిలోమీటర్లు అని చెప్పిన్రు. గంత పెద్ద బస్సు పోంగ లేనిది రోజుకు 80 కిలోమీటర్లు పోయే మా క్యారవాన్ పోదా?

స్టుట్‌గార్ట్_సుజాత

ఓరుగల్లు అన్నా, మీ పోస్టుతో నాకో సంగతి స్పష్టమైంది. బస్సుకి రూటు ముందే తెలుసు, చివర డిపో ఉంటుంది, డిపోలో పెద్ద చార్జర్ ఉంటుంది. మీ క్యారవాన్ కూడా రాత్రికి మీ షెడ్డుకే వస్తుంది. మా బండ్లు రోజుకో ఊళ్లో పడుకుంటాయి. ఆ ఊళ్లో ఏం ప్లగ్ ఉందన్నదే మా ప్రశ్న.

ఇక్కడ క్యాంప్‌సైట్లలో కరెంటు స్తంభానికి 230 వోల్టుల మీద 16 ఆంపియర్లు ఇస్తే చాలా ఎక్కువ, 3.7 కిలోవాట్లు. 110 యూనిట్లు నింపడానికి ముప్ఫై గంటలు. దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ వైపు పాత క్యాంపుల్లో 6 ఆంపియర్లే, అంటే మూడు రోజుల పైమాటే, అది కూడా అన్నం కుక్కర్ పెట్టకుండా ఉంటే. చాలాచోట్ల ఆ స్తంభం నుంచి బండి చార్జ్ చేయకూడదని బోర్డే ఉంటుంది. తప్పు వాళ్లది కాదు, ఆ వైర్లు లైటుకీ ఫ్రిజ్‌కీ వేసినవి.

ఇక హైవే ఫాస్ట్ చార్జర్లు. ఏడు మీటర్ల బండి కారు కోసం గీసిన గీతల్లో పట్టదు, వెనక సగం దారికి అడ్డం. కొన్నిచోట్ల ఎత్తు బండ్లు దూరకుండా పైన అడ్డకడ్డీ కూడా ఉంటుంది. ఖర్చు కూడా చూడండి. యూనిట్ 60 సెంట్ల చొప్పున, వంద కిలోమీటర్లకి 38 యూనిట్లకి 23 యూరోల దాకా అవుతుంది. 11 లీటర్ల డీజిల్ 18 యూరోలు. కారు అయితే ఏడాదంతా ఇంట్లో 30 సెంట్లకి చార్జ్ చేసుకుంటాం, అందులో లాభపడతాం. మోటార్‌హోమ్ పనే ఇంటికి దూరంగా ఉండడం, ఇంటి కరెంటు లాభం దానికి అందదు.

కొలరాడో_రమణ

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. ఒకటి, పైకప్పు నిండా సోలార్ పెడితే ఏమైనా కలిసొస్తుందా? రెండు, ట్రైలర్ తీసుకుని ఎలక్ట్రిక్ పికప్‌తో లాగితే?

గోదారి_గట్టు

సోలార్: నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విద్యార్థులు 2021లో స్టెల్లా వీటా అనే సోలార్ క్యాంపర్ కట్టి స్పెయిన్ దక్షిణ కొస తరీఫా దాకా తీసుకెళ్లారు. 60 యూనిట్ల బ్యాటరీ, ఎండ బాగుంటే రోజుకి 730 కిలోమీటర్లు అన్నారు. అద్భుతమైన పని, విద్యార్థులకి చేతులెత్తి మొక్కాలి. కానీ అది నీటిబొట్టు ఆకారంలో ఈకలాంటి తేలిక బండి, ఆగాక పైకప్పు లేచి ప్యానెళ్లు విప్పుకుంటుంది. మామూలు పెట్టె ఆకారానికి డెట్‌లెఫ్స్ కంపెనీ 2017లో ఒళ్లంతా 31 చదరపు మీటర్ల ప్యానెళ్లు అతికించి చూసింది, వచ్చింది 3 కిలోవాట్లు. ఇల్లు నడుస్తుంది, చక్రాలు తిరగవు.

ట్రైలర్: ఎఫ్-150 లైట్నింగ్ లాంటి పికప్ వెనక ట్రైలర్ తగిలిస్తే రేంజి దాదాపు సగమైపోతుంది. చార్జర్ దగ్గర ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, చార్జ్ చేసి, మళ్లీ తగిలించాలి. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ప్రతి వంద మైళ్లకీ ఆ పని చేయగలరా? లైట్‌షిప్ అని మీ కొలరాడోవాళ్లే ట్రైలర్‌కి సొంత బ్యాటరీ, మోటారు పెట్టారు, లాగే బండి మీద భారం పడకుండా. ఆలోచన నాకు బాగా నచ్చింది, ధర మాత్రం చాలా ఎక్కువ.

కొండల సంగతి కూడా చెప్పాలి, మీది డెన్వర్ కాబట్టి. ఐ-70 మీద ఐజెన్‌హోవర్ టన్నెల్ దాకా ఎక్కడానికి ఎత్తు తేడా 1,800 మీటర్లు. నాలుగు టన్నుల బండిని అంత ఎత్తు లేపడానికే 20 యూనిట్లు, గాలి ఖర్చు వేరే. దిగేటప్పుడు అందులో మంచి భాగం వెనక్కొస్తుంది, బ్రేకులు కాలవు. తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి చేస్తున్నది అదే. ఎక్కి దిగే దారుల్లో ఎలక్ట్రిక్‌కి భయపడక్కర్లేదు. దాన్ని చంపేది తిన్నటి హైవే, వేగం, ఎదురుగాలి.

పెద్ద బండ్లకి నేను నమ్ముతున్న దారి ఒక్కటే. మోటార్‌హోమ్ కంపెనీ థోర్, ఎలక్ట్రిక్ చాసిస్ కంపెనీ హార్బింజర్ కలిసి 2024 సెప్టెంబర్‌లో చూపించిన క్లాస్ ఏ (బస్సు ఆకారంలో ఉండే పెద్ద రకం) బండి. 140 యూనిట్ల బ్యాటరీ, తోడుగా పెట్రోల్ ఇంజను. ఆ ఇంజను చక్రాలని తిప్పదు, కరెంటు మాత్రమే చేస్తుంది. మొత్తం 500 మైళ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. దగ్గర్లో తిరిగినన్నాళ్లూ చుక్క పెట్రోల్ పోయక్కర్లేదు, వ్యోమింగ్ దాటేటప్పుడు మధ్యలో ఆగిపోతామన్న భయం లేదు.

పాలమూరు_పిల్ల

హైబ్రిడ్ పెట్రోలే. ఇంజనూ బ్యాటరీ రెండూ మోసుకు తిరగడం, రెండింటికీ సర్వీసింగ్. నాకు నచ్చదు. అయితే క్యాంప్‌గ్రౌండ్‌లో ఇంజను వేయకుండా ఉండేలా కట్టడి ఉంటే సగం మేలు అని ఒప్పుకుంటాను.

లీడ్స్_వెంకట్

చర్చ చదువుతుంటే నాకొకటి అనిపిస్తోంది. మోటార్‌హోమ్ అంటే రెండు యంత్రాలు, ఒకటి ఇల్లు, ఒకటి బండి. ఇల్లు ఈ రోజే పూర్తిగా ఎలక్ట్రిక్ కావచ్చు, అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. గ్యాస్ సిలిండర్, జనరేటర్, డీజిల్ హీటర్ మూడూ తీసేయొచ్చు. కొట్లాటంతా చక్రాల గురించే. రమణ గారు ఆ రెండూ విడదీసి ఆలోచిస్తే నిర్ణయం తేలికవుతుందేమో.

కొలరాడో_రమణ

వెంకట్ గారూ, సరిగ్గా అదే అడగబోతున్నాను. యెల్లోస్టోన్‌కి ఈసారి అమ్మానాన్నలతో పూర్తి ఎలక్ట్రిక్ పెట్టుకోను, తేలిపోయింది. చార్జర్ దగ్గర గంటలు గంటలు నాన్నని కూర్చోబెట్టలేను. సెకండ్ హ్యాండ్ డీజిల్ క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగం ఉంచి వెనక ఇల్లు కట్టిన మోటార్‌హోమ్) ఒకటి చూశాను. అందులో జనరేటర్, గ్యాస్ పొయ్యి పీకేసి బ్యాటరీ పెట్టించుకుంటే అమ్మ వంటకీ రాత్రి ఏసీకీ సరిపోతుందా? ఎన్ని యూనిట్లు కావాలి?

గోదారి_గట్టు

సరిపోతుంది. రోజు లెక్క ఇది. అన్నం కుక్కర్ అర గంటకి పావు యూనిట్. ఇండక్షన్ మీద పప్పు, కూర, తాలింపు, రెండు పూటలా టీ కాఫీలు కలిపి రెండున్నర. ఫ్రిజ్ ఒకటి. రూఫ్ ఏసీ 1.4 కిలోవాట్లు తీసుకుంటుంది, ఆగుతూ నడుస్తుంది కాబట్టి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఐదారు. యెల్లోస్టోన్ ఎత్తు 7,000 అడుగుల పైన, రాత్రిళ్లు ఏసీ అవసరమే రాదు, దుప్పటి కావాలి. మొత్తం పది లోపు.

48 వోల్టుల ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ 15 యూనిట్లది పెట్టించండి, బరువు 130 కిలోల దాకా ఉంటుంది. జనరేటర్, గ్యాస్ సిలిండర్లు పోతాయి కాబట్టి పైన పడేది పెద్దగా ఉండదు. ఇంజనుకి రెండో ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుంటే కరెంటు చేసే పరికరం) బిగిస్తే గంట ప్రయాణానికి నాలుగైదు యూనిట్లు ఎక్కుతాయి, మూడు గంటలు తోలితే నిండిపోతుంది. పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు పెడితే వేసవిలో రోజుకి రెండు యూనిట్లు అదనం. ఎల్ఎఫ్‌పీని గడ్డకట్టే చలిలో చార్జ్ చేయకూడదు, అందుకని బ్యాటరీ లోపలే వేడిచేసే ఏర్పాటు ఉన్నది తీసుకోండి, లేదా మంచం కింద లోపలివైపు బిగించమనండి. మీ ఇంటి సోలార్‌తో బయల్దేరే ముందు నింపుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి కొనేముందు తూకానికి తీసుకెళ్లి ఇరుసు ఇరుసుకీ బరువు చూడండి. క్లాస్ సీలో వెనక ఇరుసు మీద ముందే నిండుగా ఉంటుంది. బ్యాటరీని వీలైనంత ముందుకి, ఇరుసుల మధ్యకి పెట్టించండి.

స్టుట్‌గార్ట్_సుజాత

రమణ గారూ, ఇండక్షన్ పొయ్యి ఒక్క బర్నర్‌ది తీసుకోవద్దు, అమ్మగారికి అన్నం ఒక పక్క, కూర ఒక పక్క పడాలి. రెండు బర్నర్లూ కుక్కరూ ఒకేసారి వేస్తే 4 కిలోవాట్లు దాటుతుంది, కాబట్టి ఇన్వర్టర్ 5 కిలోవాట్లది పెట్టించండి. మేం 2 కిలోవాట్లది పెట్టి వంట మధ్యలో ట్రిప్ అవుతుంటే మార్పించాం. క్లాస్ సీ తూకం చీటీ వచ్చాక ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.